గుంటూరు వైద్యురాలు కుగ్లరమ్మ

దేవదానవులు క్షీరసాగరమును మథించినప్పుడు అమృతకలశమును చేతబూని వెలువడిన ధన్వంతరి శ్రీమహావిష్ణువు అంశమని భాగవతము చెప్పుచున్నది. కనుక వైద్యము మన సంప్రదాయమున కేవలము జీవనోపాధి కాదు, కైంకర్యము. శ్రీరంగమున రంగనాథుని ఆలయప్రాకారములలో ధన్వంతరి సన్నిధి నేటికిని కలదు. పూర్వము అచ్చట ఆరోగ్యశాల యుండెడిది. దివ్యసూరిచరితమును రచించిన గరుడవాహన పండితుడు వైద్యకైంకర్యపరుడని ప్రసిద్ధి.

ఇది యొక్క శ్రీరంగమునకే చెల్లిన విశేషము కాదు. కంచికి సమీపమున పాలారు ఒడ్డున తిరుముక్కూడల్ అను క్షేత్రమున్నది. అచ్చటి వేంకటేశ పెరుమాళ్ల కోవెల గోడపై 11వ శతాబ్దమునాటి వీరరాజేంద్ర చోళుని శాసనము చెక్కబడియున్నది. ఆ కోవెలకు అనుబంధముగా 15 పడకల ఆసుపత్రి నడచినదనియు, అందొక వైద్యుడు, ఒక శస్త్రవైద్యుడు, రోగులకు పరిచర్య చేయు స్త్రీలు, మూలికలు తెచ్చువారు ఉండిరనియు, వారి జీతములు ఇంత ధాన్యము, ఇన్ని కాసులనియు అందు వ్రాసియున్నది. అంతదూర మేల? మన గుంటూరు సీమలోనే, మందడమునకు చేరువనున్న మల్కాపురమున 1261 నాటి కాకతీయుల శాసనము కలదు. గోళకీమఠమునకు ఇచ్చిన గ్రామముల ఆదాయములో ఒక భాగము ప్రసూతిశాలకును, ఒక భాగము ఆరోగ్యశాలకును చెందవలెనని అందున్నది. అది శైవమఠము. అయినను మంచిని చెప్పుటకు మనకు సంకోచము వలదు.

ఈ యారోగ్యశాలలు కాలక్రమమున అంతరించినవి. శాసనములు మిగిలినవి, వైద్యులు మిగులలేదు. వ్రాసినది చదువలేని స్థితిలో మనవారుండగా, ఆ పనినే చేయుటకు సముద్రము దాటి ఒక పరదేశపు స్త్రీ గుంటూరు చేరినది. ఆమె మతము వేరు, భాష వేరు, ఆహారము వేరు. ఆమె పేరు అన్నా సారా కుగ్లర్. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి యనిన తెలియనివారుండరు గాని, ఆ పేరు ఒక మనిషిదని యెరిగినవారు నానాటికి తగ్గుచున్నారు.

భక్తులు చదువుకొను ఈ పత్రికలో ఆమె చరిత్ర మెందుకని యెవరైనను అడుగవచ్చును. అందుకు నాకొక ఋణకారణము కలదు. మాది పల్నాటిలోని దాచేపల్లి. మా నాయనమ్మ ఆచారవంతురాలు. ఉదయము మడికట్టి, తిరువారాధనమైన పిదప విష్ణుసహస్రనామము పూర్తిగా పారాయణ చేసి, పెరుమాళ్లకు సాష్టాంగపడి, లేచి తూర్పుముఖముగా తిరిగి మరల ఒకసారి చేతులు జోడించెడిది. చిన్ననాడు నేను అది సూర్యనమస్కారమనుకొంటిని. పాఠశాలలో చేరి నాలుగక్షరములు వచ్చిన తరువాత, మధ్యాహ్నము పన్నెండింటికిని తూర్పునకే తిరుగుట యేమని అడిగితిని. గుంటూరు తూర్పునకున్నదని ఆమె సమాధానము. ఆ సంగతి తరువాత వివరించెదను.

కుగ్లర్ 1856 ఏప్రిల్ 19వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున ఆర్డ్‌మోర్ అను ఊర జన్మించెను. అది ఫిలడెల్ఫియా మహానగరమునకు చేరువ. ఆ కాలమున అమెరికాలోను స్త్రీలు వైద్యము చదువుట అరుదు. పురుషులు చదువు కళాశాలలు వారిని చేర్చుకొనెడివి కావు. అందుచేత 1850లో ఫిలడెల్ఫియాలో స్త్రీలకై ప్రత్యేకముగా ఒక వైద్యకళాశాల వెలసినది. ఆ కళాశాలలో చదివి 1879లో, తన 23వ యేట, ఆమె పట్టము పుచ్చుకొనెను. పిదప నారిస్‌టౌన్ పట్టణమున చిత్తచాంచల్యము గల రోగుల ప్రభుత్వ ఆసుపత్రిలో స్త్రీల విభాగమున కొంతకాలము పనిచేసెను. మతి తప్పిన వారితో నోర్పుగా మెలగిన ఆ యనుభవము గుంటూరులో ఆమెకు మిక్కిలి అక్కరకు వచ్చియుండునని నా ఊహ.

ఇచ్చట ఒక చిత్రమును చెప్పక ముందునకు పోలేను. ఆ కళాశాలలోనే మన దేశపు బ్రాహ్మణవనిత ఆనందీబాయి జోషి చదివెను. ఆమె మహారాష్ట్రురాలు. 1883లో కలకత్తాలో ఓడ యెక్కి అమెరికా చేరి, 1886లో వైద్యపట్టమును పొంది, స్వదేశమునకు తిరిగివచ్చి, ఒక్క రోగినైనను కుదురుగా చూచు భాగ్యము లేకయే 1887 ఫిబ్రవరిలో పూనాలో క్షయవ్యాధిచే కన్నుమూసెను. అప్పటికి ఆమెకు 22 యేండ్లు నిండలేదు. మన బిడ్డ వైద్యము నేర్చుటకు పడమరగా పోయిన ఆ 1883వ సంవత్సరముననే, ఆ కళాశాలలో నేర్చిన బిడ్డ యొకతె మన దేశమునకు తూర్పుగా ప్రయాణము కట్టినది. ఒకరు మిగులలేదు, ఒకరు మిగిలిరి. దైవఘటన యనుట తప్ప నేనేమియు చెప్పజాలను.

కుగ్లర్ గుంటూరునకు వచ్చుటకు కారణము ఒక లేఖ. గుంటూరులో లూథరను మిషను పక్షమున పనిచేయుచుండిన రో అను పాదిరి, ఈ సీమలో స్త్రీలు వైద్యము లేక మరణించుచున్నారని ఆమెకు వ్రాసెను. ఆమె వెంటనే దరఖాస్తు పెట్టుకొనెను. కాని ఆమె సంఘమువారు వైద్యురాలిని పంపుటకు సిద్ధముగా లేరు. అందుచేత ఇండ్లకు పోయి స్త్రీలకు చదువుచెప్పు పనికై ఆమెను నియమించిరి. వైద్యము చేయుటకు వచ్చిన మనిషి బడిపంతులమ్మగా ఓడ యెక్కవలసివచ్చెను. అందుకును ఒప్పుకొని, మందులను పనిముట్లను వెంట దెచ్చుకొని, 1883 నవంబరు చివరను గుంటూరు చేరెను.

నాటి గుంటూరు నేటి గుంటూరు కాదు. ప్రత్యేకముగా జిల్లా యేర్పడినది 1904లో. అంతకుముందు అది కృష్ణా జిల్లాలోనిది. నల్లరేగడి నేలలు, పత్తిచేలు, వేసవిలో ఎండిన చెరువులు, వర్షాకాలమున బండి కదలని బాటలు. మరుగుదొడ్లు లేవు, వడగట్టిన నీరు లేదు. కలరా వచ్చినయేడు ఊళ్లకు ఊళ్లే పాడుపడెడివి. చలిజ్వరము ఇంటింటి చుట్టము. ప్రసవమున తల్లియో బిడ్డయో పోవుట సామాన్యము. ప్రభుత్వ వైద్యశాలలు కొన్ని యున్నను, అందు పురుషులే వైద్యులు. ఘోషా గల ఇండ్లలోని స్త్రీ చావనైన చచ్చును గాని పరపురుషునికి చేయి చూపదు. ఒకవేళ వైద్యుడు వచ్చినను తెర వెలుపల కూర్చుండి, లోపలి మనిషి బాధను భర్త నోట వినవలసినదే. నాలుక చూడక, పొట్ట తాకక, మాటపై ఆధారపడి ఇచ్చు మందు చీకటిలో వేసిన బాణము.

ఈ యిబ్బంది మన సీమకే ప్రత్యేకము కాదు. క్లారా స్వైన్ అను అమెరికను వైద్యురాలు 1870లోనే బరేలీ చేరి ఉత్తరదేశమున స్త్రీలకు వైద్యము మొదలుపెట్టెను. చెన్నపట్టణ వైద్యకళాశాలలో 1875లో నలుగురు స్త్రీలను చేర్చుకొనిరి. కాని వీరెవరి చేయియు గుంటూరు పల్లెల వరకు చాచలేదు.

చదువుచెప్పుటకు నియమింపబడిన కుగ్లర్, గడప వద్ద నిలిచి మందడిగిన వారిని ఎట్లు త్రిప్పిపంపగలదు? మొదటి యేటనే తన యింటికి వచ్చిన 185 మందికిని, వారి వారి యిండ్లకు పోయి మరి 276 మందికిని ఆమె వైద్యము చేసెను. ఇదియంతయు పాఠశాలపనికి అదనము. రెండేండ్లు గడచిన పిమ్మట, 1885 డిసెంబరులో, సంఘమువారు ఆమెను వైద్యురాలిగా నియమించిరి. చేయుచున్న పనికి పేరు పెట్టుట మాత్రమే వారి వంతైనది.

ఆ తొలిదినములలో ఆమెను మనవారు ఆదరించిరని వ్రాసిన అది అబద్ధము. పై వర్ణములవారి దృష్టిలో ఆమె మ్లేచ్ఛస్త్రీ, అంటరానిది. ఆమె చేతిమందు త్రాగిన దోషమేమో అని సందేహము. ఆమె వచ్చిపోయిన చోట నీళ్లు చల్లుట, సీసాను నేలపై పెట్టించి పిమ్మట తీసికొనుట, ఆమె తాకిన రోగికి తలస్నానము చేయించుట ఆ కాలపు ఇండ్లలో పరిపాటి. జ్వరముతో కాలుచున్న బాలింతకు చన్నీటి తలస్నానమనిన ఏమగునో వైద్యురాలికి తెలియదా? అయినను ఆమె ఆ యిండ్లకు పోవుట మానలేదు. మనవారి యాచారమును నిందించుచు కూర్చుండినచో మరునాడు ఆ తలుపు తెరువబడదు. తలుపు తెరువబడనిచో లోపలి మనిషి దక్కదు.

ఇది వ్రాయునప్పుడు మా పల్నాటి బ్రహ్మనాయుడు నాకు జ్ఞప్తికి వచ్చుచున్నాడు. మాచర్ల చెన్నకేశవుని పరమభక్తుడు, మాలవాడైన కన్నమదాసును కొడుకుగా చేపట్టినవాడు, అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి చాపకూడు పెట్టినవాడు. ఏటేట కార్తిక అమావాస్య మొదలు కారెంపూడిలో జరుగు వీరారాధనోత్సవములలో ఆ చాపకూడు ఇప్పటికిని జరుగుచున్నది. మేమందరమును ఆ ఉత్సవమునకు పోయి, ఆ కథ విని, కన్నీరు కార్చి, ఇంటికి వచ్చి మరల ఎవరి గిన్నె వారిదే యనుకొన్నవారము. వైష్ణవులమైన మేము కథగా విన్నదానిని కుగ్లర్ ఆసుపత్రి వార్డులో కండ్లార చూడవలసివచ్చినది. దీనిని ఒప్పుకొనుటకు నాకు కొంత కష్టముగనే యున్నది.

ఇంటింటికి పోయి మందిచ్చుటతో పని తీరదని ఆమెకు త్వరలోనే తెలిసినది. జ్వరము ఉదయమొక తీరున, రాత్రి యొక తీరున నుండును. చలిజ్వరమా, సన్నిపాతమా, సూతికాజ్వరమా యని తెలియుటకు పూటపూటకు వేడి కొలిచి వ్రాసికొనవలెను, మూత్రము పరీక్షింపవలెను, పథ్యము తప్పకుండ చూడవలెను, రాత్రి మూడవజామున ఊపిరి మారినచో పిలువగా పలుకు మనిషి ప్రక్కనుండవలెను. ఇది ఆసుపత్రియందే సాధ్యము. పొలమునకు గట్టు ఎట్టిదో వైద్యునకు ఆసుపత్రి యట్టిది. ఎంత వాన కురిసినను గట్టు లేనిచో నీరు నిలువదు.

స్వదేశమునకు సెలవుపై పోయినప్పుడు ఆమె ఊరూర తిరిగి విరాళములు కూడబెట్టెను. గుంటూరులో 18 ఎకరముల స్థలము కొనిరి. 1893లో మందుల శాలయు, 1897లో 50 పడకల ఆసుపత్రియు తెరువబడినవి. బడిపంతులమ్మగా వచ్చిన పదునాలుగేండ్లకు ఆమె సంకల్పించిన కట్టడము నిలిచినది. ఆ 1897వ సంవత్సరముననే, ఆగస్టు 20వ తేదీన, మన తెలుగునేలపై సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో చలిజ్వరపు క్రిమిని కనుగొనెను. అంతవరకు ఆ జ్వరము చెడుగాలివలన కలుగునని లోకము నమ్మినది. క్వినైను చేదు మ్రింగించుట ఎరిగిన వైద్యులకు జ్వరము ఎచ్చటినుండి వచ్చుచున్నదో అప్పుడు తెలిసినది.

కుగ్లర్ ఒంటరిగానే అంతయు చేసెననుట ఆమెకును న్యాయము కాదు. 1895లో మేరీ బేర్ అను రెండవ వైద్యురాలు వచ్చి చేరెను. అమెరికానుండి వచ్చిన నర్సులు మన తెలుగు యువతులకు పరిచర్య నేర్పిరి. శిశువులకు వేరు వార్డు, ప్రసూతులకు వేరు కట్టడము, శస్త్రచికిత్సకు వేరు శాల క్రమముగా లేచినవి. చీరాలలోను, మా పల్నాటి రెంటచింతలలోను ఆ మిషనువారి ఆసుపత్రులు తరువాత వెలసినవి. ప్రభుత్వమువారు 1905లో ఆమెకు కైసరి హింద్ పతకమును, 1917లో దానికి అదనపు గౌరవమును ఇచ్చిరి. ఈ పతకముల ప్రసంగము నాకంతగా రుచింపదు. ఆమెకు లభించిన అసలైన గౌరవము వేరొకటి కలదు.

అది ఏలూరి రాజావారు కట్టించిన సత్రము. రాజా మంత్రిప్రెగడ భుజంగరావు బహద్దూరువారు లక్కవరము జమీందారులు, కవులు, మంజువాణి యను మాసపత్రికను నడపిన సాహిత్యప్రియులు. తెలుగు చదువుకొన్నవారికి ఆ పత్రిక పేరు తెలిసియే యుండును. ఆయన రాణిగారికి కుగ్లర్ వైద్యము చేసి సుఖప్రసవము చేయించెను. రాజావారు ఆ కృతజ్ఞతను పట్టుశాలువతో తీర్చుకొనలేదు. ఆసుపత్రి కెదుట, రోగుల బంధువులు దిగుటకు సత్రము కట్టించిరి.

సత్రము మన సంప్రదాయములోనిది, సామాన్యమైనదే. కాని ఆసుపత్రి కెదుట సత్రమనుటలోని సూక్ష్మమును ఆలోచింపుడు. ఆచారపరులైన కుటుంబము ఆసుపత్రికి రాకుండుటకు భయము ఒక్కటే కారణము కాదు. రోగి వెంట వచ్చిన నలుగురు ఎచ్చట దిగవలెను? మడి నీళ్లు ఎచ్చట? వంట ఎచ్చట? ఏకాదశి వచ్చిన నేమి చేయవలెను? పరుల అన్నము తినని అత్తగారిని ఇంటనొంటిగా విడిచివచ్చుట యెట్లు? ఈ ప్రశ్నలకు సమాధానము లేకనే ఎందరో స్త్రీలు చావడిలోనే చనిపోయిరి. వీధి కావల సత్రము నిలిచినంతనే ఆ ప్రశ్నలన్నియు తీరినవి. ఈ ప్రక్క మడివంట, ఆ ప్రక్క మందు. నడుమ వీధి మాత్రమే. వైద్యురాలు తన మతమును విడువనక్కరలేదు, రోగి తన యాచారమును విడువనక్కరలేదు.

ఇక మా యింటి సంగతి. మా తాతగారికొక అక్కగారుండెడిది. తొలికాన్పునకు దాచేపల్లి పుట్టింటికి వచ్చి, ఎనిమిదవ మాసమున కాళ్లు ముఖము వాచి, తలనొప్పి యని పడుకొని, కండ్లు మసకబారుచున్నవని చెప్పి, ఆ రాత్రియే కాలుచేతులు కొట్టుకొని మరణించెను. గాలిసోకినదని భూతవైద్యుని పిలిపించిరి. గుంటూరు కొనిపోవలెనని ఎవరో అనగా, దొరసాని తాకిన పిల్లను మరల ఇంటిలో ఎట్లు త్రిప్పుకొందుమని మా తాతగారి తండ్రి యనిరట. ఆ మాట ఆయన తరువాత జన్మాంతము మరువలేదు. ఈ సంగతిని మా యింట బిగ్గరగా ఎవరును చెప్పెడివారు కారు.

1920ల తొలి సంవత్సరములలో మా నాయనమ్మకు అదే తొలికాన్పు, అదే యెనిమిదవ మాసము, అవే కాళ్లవాపులు. ఊరి వైద్యులు మంచివారు. నాడి చూచి, పాదమును వ్రేలితో నొక్కి, గుంట పడి లేవకుండుట చూచి, ఇది తన చేతిది కాదనియు, ఆలస్యము చేయక గుంటూరు కొనిపొమ్మనియు చెప్పిరి. ఆయనది గొప్ప వైద్యము. తన హద్దు తెలిసి చెప్పుటకంటె గొప్ప వైద్యమేది? మా తాతగారి తండ్రి ఒక్క మాటైనను పలుకక లేచి పోయి ఎడ్లను తామే బండికి కట్టిరట.

అప్పటికి పల్నాటికి రైలు రాలేదు. గడ్డి పరచిన గూడుబండిలో పిడుగురాళ్ల, సత్తెనపల్లి మీదుగా రెండు రాత్రుల ప్రయాణము. పగలు ఎండకు ఆగి, చల్లబడిన పిమ్మట కదలెడివారు. కుదుపునకు పిల్ల కేక వేసినప్పుడెల్ల మా తాతగారి తల్లి అష్టాక్షరి జపించెడిదట. గుంటూరు చేరి రాజావారి సత్రమున దిగిరి. బావినీరు తోడుకొని, మడికట్టి, పెరుమాళ్ల సంపుటమును గూటిలో నిలిపి, వంట చేసి, మా నాయనమ్మకు పథ్యమును వీధి దాటించి పంపెడివారు. ఉప్పు వేయవద్దని ఆసుపత్రివారి ఆజ్ఞ. ఉప్పు లేని వంట ఆరగింపునకు పనికివచ్చునా యని మొదటి దినమున పెద్ద చర్చ జరిగినదట. స్వామికి వేరుగా, కోడలికి వేరుగా వండిరి.

మా నాయనమ్మ వార్డును గూర్చి చెప్పిన సంగతులలో కొన్ని నాకు బాగుగా జ్ఞప్తియున్నవి. కిటికీలకు తెరలు వేసి వెలుతురు తగ్గించిన గది. ఎడమప్రక్కకు తిరిగి పడుకొమ్మనుట. ప్రతి ఉదయము ఒక తెలుగు నర్సు గాజుగొట్టములో మూత్రము పోసి దీపముపై కాచెడిది. అది పాలు విరిగినట్లు తెల్లగా విరిగిన నర్సు ముఖము చిన్నబోయెడిది, తేటగా నిలిచిన నవ్వెడిది. మూత్రపిండములు పాడగుచున్నవో లేదో తెలిసికొనుటకు అది గురుతని, మాంసకృత్తు కారుచున్నచో వేడికి గడ్డకట్టునని, చాలకాలమునకు ఒక వైద్యుడు నాకు వివరించెను. పదునెనిమిదేండ్ల మా నాయనమ్మకు మాత్రము, తన మూత్రమును దీపముపై కాచుచు ముఖములు మార్చుకొను మనుష్యులు వింతగా తోచిరి.

నెరసిన జుట్టు గల పెద్ద దొరసాని పూటకొకసారి వచ్చెడిదట. వచ్చిన వెంటనే దుప్పటి తొలగించి పాదమును చేత నొక్కి చూచెడిది. పాదములను తాకుట మనకు పూజ్యులయెడల చేయు పని. ఆ వయస్సుగల స్త్రీ తన పాదములను తాకుచున్నదని మా నాయనమ్మ మొదటిసారి కాళ్లు ముడుచుకొనెను. దొరసాని తెలుగులోనే మాటాడెడిది. ఉచ్చారణ వింతగా నున్నను అర్థమగుటకు లోపము లేదు.

తులసితీర్థము విషయమున కొంత పేచీ వచ్చినది. సత్రమునుండి పంపిన తీర్థమును నర్సు అడ్డగించి, కాచని నీరు ఇయ్యరాదనెను. మా తాతగారి తల్లి కన్నీరు పెట్టుకొనెను. తుదకు కాచి చల్లార్చిన నీటిని సత్రమునకే పంపిరి. ఆ నీటితో తీర్థమును సిద్ధపరచి తిరిగి పంపిరి. ఇరువురి మాటయు నిలిచినది.

ఒక సంగతి దాచుట తగదు. మతబోధ ఆ మిషను ఉద్దేశములలో నొకటి. వారు దానిని దాచలేదు, నేనును దాచను. ఉదయమున వార్డులో వారి ప్రార్థన జరిగెడిది, వారి గ్రంథము చదివెడివారు. ఆ సమయమున మా నాయనమ్మ కన్నులు మూసికొని ద్వయమంత్రమును అనుసంధించుకొనెడిది. దానికెవరును అభ్యంతరము చెప్పలేదు, మందు తగ్గింపలేదు. కొందరు ఆ మతమున చేరిరి, అనేకులు చేరలేదు. ఈ విషయమున నాకును వారికిని భేదమున్నది, అది తీరునది కాదు. పరమతమును గూర్చి వాదము చేయుటకు వేదికలు వేరు కలవు. ఎనిమిదవ మాసమున కండ్లు మసకలు క్రమ్మిన పిల్ల మంచము వాదమునకు వేదిక కాదు.

మూడువారములు అట్లుంచి, తగిన సమయమున ప్రసవము చేయించిరి. పుట్టినవాడు మా తండ్రిగారు. పుట్టుకతో పిల్లి పిల్లవలె నుండెనట. ఊరు చేరిన పిదప ఆచారము ప్రకారము తల్లికి పుణ్యాహవాచనము, స్నానము, పంచగవ్యము అన్నియు జరిగినవి. ఆ దినమున ప్రాయశ్చిత్తమంతయు ముగిసి, తడి చీరతో పెరుమాళ్లకు సేవించి లేచిన మా నాయనమ్మ, ఎవరును చెప్పకయే తూర్పుదిక్కునకు తిరిగి చేతులు జోడించెనట. ఆచారము చెప్పినదంతయు చేసెను, ఆచారము చెప్పని దానిని గూడ చేసెను. పెద్దలు చూచియు చూడనట్లుండిరి.

కుగ్లర్ 1928లో గుంటూరు ఆసుపత్రి చరిత్రమును ఆంగ్లమున ఒక గ్రంథముగా వెలువరించెను. అప్పటికి ఆమెకు 72 యేండ్లు. దేహము సన్నగిల్లినను గుంటూరును విడిచి స్వదేశమునకు పోయి విశ్రాంతి గైకొనలేదు. వచ్చిన నాటినుండి 47వ సంవత్సరము నడచుచుండగా, 1930 జూలై 26వ తేదీన గుంటూరులోనే దేహము చాలించెను. ఆసుపత్రి ఆమె పేరనే ప్రసిద్ధి కెక్కినది.

ఆ వార్త దాచేపల్లికి వెంటనే చేరలేదు. కోర్టు పనిపై గుంటూరు పోయివచ్చిన ఒక బంధువు పదిదినముల తరువాత మా యింటి అరుగుపై కూర్చుండి మాటలసందున చెప్పెను. మా తాతగారు విని ఊరకుండిరి. మా నాయనమ్మ చేతిలోని చేటను క్రింద పెట్టి, లోపలికి పోయి, కట్టుచీరతోనే బావియొద్ద నిలిచి తలమీదుగా నీళ్లు పోసికొనెను. జ్ఞాతులు పోయినట్లు విన్నప్పుడు చేయు స్నానమది. కులము కాదు, గోత్రము కాదు, మైల పట్టవలసిన చుట్టరికము శాస్త్రమున ఎచ్చటను లేదు. బంధువు విస్తుపోయి మా తాతగారి వంక చూచెనట. మా తాతగారు లేచి బావియొద్దకు నడచి, చేద అందుకొని, రెండవ చేద నీళ్లు తామే తోడి ఇచ్చిరి.